ఆసు పోసిన చేయి

తేలియా రుమాలు చేతికొస్తే ముందు దాన్ని తిరగేసి చూడాలి. ఇటు ఎలా ఉందో అటూ అలాగే ఉంటుంది. ఏది పైవైపు, ఏది లోవైపు అని చెప్పడానికి లేదు. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. గళ్లు, గళ్ల మధ్య చుక్కలు, చుక్కల చుట్టూ మెట్లుమెట్లుగా ఎక్కి దిగే గీతలు. కళ్లకు దగ్గరగా పట్టుకుంటే ఏ గీత అంచూ కత్తితో కోసినట్టు ఉండదు. ఎరుపు పోగు మందాన తెలుపులోకి పాకి ఆగిపోతుంది. ఆ అంచున సన్నటి నూగు కనిపిస్తుంది. ఆ తర్వాత బట్టను ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలి. మగ్గం దిగిన రుమాలుకు నూనె వాసన ఉంటుంది. నాలుగు ఉతుకులకు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

తేలియా అన్న పేరే ఆ వాసనలోంచి పుట్టింది. హిందీలో తేల్ అంటే నూనె కదా. ఈ రుమాలుకు నూలును నేరుగా రంగులో ముంచరు. ఆముదం కాయల తొక్కలను కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి, తేరిన నీళ్లలో నూనె పోస్తారు. బూడిదలోని క్షారానికి నూనె విరిగి పాలలా అవుతుంది. అందులో నూలు చిలపలను పిసికి ఎండేస్తారు. మర్నాడు మళ్లీ పిసుకుతారు, మళ్లీ ఎండేస్తారు. ఇలా రెండు మూడు వారాలు నడుస్తుంది. ఎండ చాలకపోతే ఆగాలి, వాన పడితే ఆగాలి. ఇంత చాకిరీ ఎందుకంటే నూనె తాగిన నూలే అలిజరిన్ ఎరుపును గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టిన రంగు ఏళ్ల తరబడి ఉతికినా దిగదు. పైగా ఆ బట్ట మెత్తగా, తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటుంది. ఒకప్పుడు చీరాలలో నేసిన ఈ రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్లాయంటే ఆ ఎండల్లో తలకు చల్లదనం ఇచ్చినందుకే. చీరాల నేతగాళ్లు వాటిమీద ఏనుగుల్నీ సింహాల్నీ వేశారు. గడియారాలు, విమానాలు కూడా వేశారు. కంటికి కొత్తగా కనబడిన వస్తువునల్లా పోగుల లెక్కలోకి దించి చూశారు.

ఆ విద్య ఇప్పుడు ఎక్కువగా నిలిచి ఉన్నది యాదాద్రి భువనగిరి జిల్లాలో, సంస్థాన్ నారాయణపురం దగ్గరి పుట్టపాకలో. ఆ ఊరివాళ్లైన గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది. ఒకే పల్లె, ఒకే విద్య, రెండేళ్ల తేడాలో రెండు పద్మశ్రీలు. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇవన్నీ రావలసినవే, ఆలస్యంగానైనా వచ్చినందుకు సంతోషించవలసినవే.

అయితే ఈ బట్ట ముందు కూర్చున్నప్పుడల్లా నా మనసు ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ఇందులో ఉన్న ప్రతిభ ఎవరిది? దాన్ని ఎక్కడ చూసి గుర్తుపట్టాలి? మన ఇళ్లలో ప్రతిభ అంటే ర్యాంకు. ఫలానావాళ్ల అబ్బాయి మెరిట్‌లో వచ్చాడు అంటే ఇక మాట్లాడేదేమీ ఉండదు. నేనూ ఆ కొలతతోనే పెరిగాను. నా మీద నాకు నమ్మకం కలిగినా పోయినా ఆ కొలతతోనే. బట్ట దగ్గర ఆ కొలత పనిచేయదు. ఒక రుమాలులో కనీసం అయిదారు రకాల నైపుణ్యం ఉంటుంది. అందులో కొన్ని మన కళ్లకు కనిపిస్తాయి. కొన్ని ఎంత బాగా కుదిరితే అంతగా కనబడకుండా పోతాయి. ఆ కనబడని పని గురించి చెప్పాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాను. అయితే దానికంటే ముందు కనబడే పనిని చూడాలి.

ఇక్కత్ అని దేశమంతా పిలిచే దాన్ని మన దగ్గర చిటికి పని అంటారు. మామూలు బట్టకు నేసిన తర్వాత బొమ్మ వేస్తారు, లేదా నేసేటప్పుడు రంగు పోగులు మారుస్తారు. చిటికిలో ఈ రెండూ ఉండవు. బట్ట పుట్టకముందే, అది ఇంకా విడివిడి పోగులుగా ఉన్నప్పుడే, బొమ్మ మొత్తం ఆ పోగుల మీద ఉండాలి. గ్రాఫ్ కాగితం మీద గడులు నింపుకుంటారు. ఏ గడి తెల్లగా ఉండాలో ఆ మేరకు పోగుల కట్టను బిగించి కడతారు. కట్టడానికి చాలాచోట్ల వాడేది పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీ. రంగు లోపలికి దూరకుండా అది ఆపినంత గట్టిగా మరే దారమూ ఆపదు. కట్టి ఎర్రరంగులో ముంచుతారు. ఎరుపుగా మిగలవలసిన చోట్లను మళ్లీ కడతారు, నలుపులో ముంచుతారు. చివరికి కట్లన్నీ విప్పితే నూలు మీద తెల్ల, ఎర్ర, నల్ల మచ్చలు ఉంటాయి. అప్పుడు ఆ నూలును చూస్తే అందులో ఏ బొమ్మా తెలియదు. చిందరవందరగా రంగులు పడిన దారాలు, అంతే. కట్టినవాడి తలలో మాత్రం బొమ్మ ఉంది. ఇంకా ఎవరూ చూడని బొమ్మను అతను వారాలపాటు మోస్తూ తిరుగుతాడు.

పడుగు ఒక్కదానికే ఇలా రంగు కట్టి, పేకను మామూలుగా ఉంచితే అది ఒక పని. పేక ఒక్కదానికి కడితే అది ఇంకొంచెం కష్టమైన పని. పడుగుకూ పేకకూ రెంటికీ కట్టి, మగ్గం మీద పడుగులోని ఎర్ర మచ్చ మీదికి పేకలోని ఎర్ర మచ్చ సరిగ్గా వచ్చి కూర్చునేలా నేయడాన్ని డబుల్ ఇక్కత్ అంటారు. గుజరాత్‌లోని పటాన్ పటోలా, ఇండోనేసియాలో బాలి ద్వీపంలోని తెంగనాన్ ఊరి గెరింగ్‌సింగ్ బట్ట, మన తేలియా రుమాలు. ప్రపంచంలో ఈ విద్యను నిలబెట్టుకున్న చోట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రెండు వైపుల నుంచి బయల్దేరిన రెండు పోగులు, వారాల కింద ఎక్కడో కట్టించుకున్న ముద్రలతో వచ్చి, ఒక గడి దగ్గర కలవాలి. కలిస్తే ఎరుపు నిండుగా వస్తుంది. కలవకపోతే ఆ గడి వెలసినట్టు పాలిపోతుంది. తెలిసినవాళ్లు రుమాలు అందుకోగానే మూలల్లోని గడుల మీద వేలు పెడతారు. నాలుగు మూలల ఎరుపూ ఒకేలా ఉంటే అప్పుడు మధ్యలోకి చూస్తారు.

నేత పనిని నేను గంటలకొద్దీ చూశాను. గుంట మగ్గంలో కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చున్న మనిషి నాడె విసురుతాడు. పేక పడుతుంది. పలక లాగి కొట్టే ముందు క్షణమాత్రం ఆగుతాడు. పేక మీది మచ్చ పడుగు మీది మచ్చకు వెంట్రుకంత ఇటో అటో ఉంటే, అంచు దగ్గర పోగును చిటికెన వేలితో లాగుతాడు, లేదా కాస్త వదులుతాడు. కుదిరితేనే పలక కొడతాడు. బట్ట అంచున చిన్నచిన్న ఉచ్చుల్లా మిగిలిపోయే పోగులు ఈ సర్దుబాటుకు గుర్తులు. మామూలు చీర నేసేవాడి మగ్గం ఒక తాళంతో ఆడుతుంది. డబుల్ ఇక్కత్ మగ్గం ఆగి ఆగి ఆడుతుంది. ఆ ఆగడంలోనే చూపూ తీర్పూ ఉన్నాయి. ప్రతి పేక దగ్గరా తన పనికి తానే పరీక్ష పెట్టుకుని, తానే దిద్దుకుని, ముందుకు పోతున్న మనిషిని చూస్తుంటే నాకు మాట రాదు. ఇది అందరూ చూడదగిన పని. ఫొటోలకు అందే పని కూడా ఇదే. చేనేత మీద ఏ పుస్తకం తెరిచినా, ఏ పోస్టర్ చూసినా మగ్గం ముందు కూర్చున్న ఈ మనిషే ఉంటాడు.

ఇక కనబడని పని.

పేకకు రంగు కట్టాలంటే ముందు ఆ పోగును సరిగ్గా బట్ట వెడల్పు కొలతకు పరచుకోవాలి. మగ్గం మీద ఇటు అంచు నుంచి అటు అంచుకు పోగు ఎంత దూరం పోతుందో, కట్టే చట్రం మీదా అంతే దూరం పోవాలి. తేడా వస్తే మచ్చలు ఒక్కో పేకకూ కొంచెం కొంచెంగా జరుగుతూ పోయి, చీర మధ్యకు వచ్చేసరికి పువ్వు పక్కకు ఒరిగిపోతుంది. అందుకోసం వాడే చట్రమే ఆసు. ఒక కొసన ఒంటి మేకు. ఎదురుగా నెలవంకలా వంగిన పట్టె మీద వరసగా మేకులు. ఒంటి మేకు నుంచి పోగును తీసుకుని నెలవంక మీది మొదటి మేకు చుట్టి మళ్లీ ఒంటి మేకు దగ్గరికి రావాలి. లెక్క ప్రకారం అన్ని చుట్లూ అయ్యాక పక్క మేకుకు పోవాలి. ఒక్కో మేకు మీద పడిన పోగులన్నీ కలిసి ఒక కట్టు. గ్రాఫ్ కాగితం మీది ఒక వరస ఇక్కడ ఒక మేకు. దీన్ని ఆసు పోయడం అంటారు.

పుట్టపాక ప్రాంతంలో ఆసు పోయడం ఎక్కువగా ఆడవాళ్ల పని. చట్రం ముందు నేల మీద కూర్చుంటారు. ఎడమ చేయి ఒళ్లో ఉంటుంది, లేదా పోగు బిగువు చూస్తూ ఉంటుంది. కుడి చేయి మాత్రం ఆగదు. భుజం నుంచి చాచి, మేకు అవతలికి పోగును దాటించి, మణికట్టు చిన్నగా తిప్పి, వెనక్కి తేవాలి. ఆ మణికట్టు మలుపు తప్ప మిగతా బరువంతా భుజం మీదే. నేను చూసిన ఒక పెద్దావిడ పోస్తూ పోస్తూనే నాతో మాట్లాడింది, మనవరాలిని కసిరింది, పొయ్యి మీది పాలు చూడమంది. లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఎలా గుర్తుంటుందమ్మా అని అడిగితే, "నేను యాది పెట్టుకోను బిడ్డా, చెయ్యే పెట్టుకుంటది" అంది.

ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు తిరగాలని ఆ పని తెలిసినవాళ్లు చెప్పే లెక్క. చీర వెడల్పు మీటరుకు పైమాటే. పోయే వైపు దూరం ఒక్కటే లెక్కేసుకున్నా ఒక చీరకు ఆ చేయి 9 కిలోమీటర్లు దాటి పోతుంది. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18 కిలోమీటర్లు. కాళ్లతో అంత నడిచినవాళ్లను చూస్తే అయ్యో అంటాం. కూర్చున్నచోటే చేత్తో అంత దూరం పోయిన మనిషిని చూసి మనకు ఆ మాట రాదు. సాయంత్రానికి భుజం పట్టేస్తుంది. ఏళ్లు గడిచేసరికి చేయి తలమీదికి లేవని స్థితి వస్తుంది.

ఇంతా చేస్తే ఆ పని ఎక్కడ కనబడుతుంది? ఆసు బాగా పోస్తే చీరలో పువ్వు పువ్వులా ఉంటుంది, అంతే. చూసినవాళ్లు పువ్వును మెచ్చుకుంటారు, రంగును మెచ్చుకుంటారు, నేసినవాడిని మెచ్చుకుంటారు. ఆసు చెడితే మాత్రం వెంటనే తెలుస్తుంది. పువ్వు మెడ విరిగినట్టు ఉంటుంది. అంటే ఆ పనికి తప్పు పట్టించుకునే అవకాశం ఉంది గానీ మెప్పు పొందే చోటు లేదు. ఇంట్లో ఆడవాళ్లు పోసే ఆసుకు విడిగా కూలి లెక్క కూడా ఉండదు. షావుకారు ఇచ్చే కూలి మగ్గానికి ఇస్తాడు. అందులోనే రాట్నం తిప్పిన చేయీ, కండెలు చుట్టిన చేయీ, ఆసు పోసిన చేయీ కలిసిపోతాయి.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది లక్ష్మి అనే అమ్మ ఇలాగే ఆసు పోస్తూ ఉండేది. ఆమె కొడుకు మల్లేశం. బడి చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. ఇంట్లో మగ్గం పనిలో దిగాడు. తల్లి భుజం నొప్పిని రోజూ చూశాడు. ఆ నొప్పిని ఆ ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో చూడని కొడుకు లేడు. అది ఆ పనితో వచ్చేదే అనుకున్నారు అందరూ. ఎండాకాలం ఎండలా, వయసుతో వచ్చే ముడతలా. మల్లేశం ఒక్కడు అలా అనుకోలేకపోయాడు. అతని ప్రతిభ మొదలైంది ఇక్కడేనని నేను నమ్ముతాను. యంత్రం తర్వాత వచ్చింది. అందరి ఇంట్లోనూ ఉన్న ఒక బాధను ఇది ఉండక తప్పనిది కాదు అని చూడగలిగిన కన్ను ముందు వచ్చింది.

1992లో ఆసు పోసే యంత్రం మీద పని మొదలుపెట్టాడు. ఇంజనీరింగ్ చదువు లేదు, చేతిలో డబ్బు లేదు, అలాంటి యంత్రం ఎక్కడా లేదు కాబట్టి చూసి నేర్చుకోవడానికి నమూనా కూడా లేదు. కొంచెం కొంచెంగా చేసుకుంటూ పోయాడు. మేకుల పట్టె కదలడం ఒక భాగం, పోగు ముందుకీ వెనక్కీ పోవడం ఒక భాగం, మేకుకు ఇన్ని చుట్లని లెక్కపెట్టడం ఇంకో భాగం. అన్నింటికంటే మొండిగా నిలబడింది ఆ చిన్న మణికట్టు మలుపు. పోగును మేకు అవతలికి దాటించి చుట్టి తేవడం. మనిషి చేయి ఆలోచించకుండా చేసే ఆ ఒక్క కదలికను ఇనుముకు నేర్పడానికి ఏళ్లు పట్టింది. నాకు ఈ వివరం చాలా ఇష్టం. పనికిరానిదని ఎవరూ లెక్కలోకి తీసుకోని ఆ అమ్మల మణికట్టులో ఎంత విద్య ఉందో, దాన్ని అనుకరించబోయి ఏళ్లకేళ్లు తలపట్టుకున్న మనిషికే మొదట తెలిసింది.

ఆ ఏళ్లలో ఊరు అతన్ని ఎలా చూసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అప్పులు చేసి, మగ్గం పని వదిలేసి, కట్టెముక్కలూ మోటార్లూ ముందేసుకుని కూర్చున్నవాడిని ఏ ఊరైనా ఒకేలా చూస్తుంది. ఆ చూపును నేను తప్పు పట్టలేను. కూలి మీద బతికే ఇంట్లో ఒక మనిషి పని మానేస్తే ఎన్ని పూటల తిండి పోతుందో ఆ ఊరివాళ్లకు బాగా తెలుసు. అయినా పూర్తికాని యంత్రాన్ని చూసి అది అవుతుందో కాదో తేల్చగలవారు అక్కడ ఎవరూ లేరు. ప్రతిభను కొలవాలంటే పక్కన పెట్టి చూడటానికి ఇంకొకటి ఉండాలి. మొట్టమొదటిదానికి పక్కన పెట్టేది ఏదీ ఉండదు. అందుకే కొత్త దారి తొక్కినవాళ్లకు తీర్పు అంత ఆలస్యంగా అందుతుంది.

1997లో బతుకుతెరువు కోసం హైదరాబాద్ చేరి పనిలో కుదిరాడు. జీతంలో మిగిల్చిందంతా యంత్రం మీదే పెట్టాడు. 1999లో, పని మీద వెళ్లిన చోట నడుస్తున్న ఇంకేదో యంత్రం కదలికను చూస్తుండగా తనకు ఇన్నాళ్లూ చిక్కని ముడి విడిపోయింది. అక్కడితో ఆసు యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటలు పట్టే పని సుమారు గంటన్నరలో అయిపోతోంది. పక్కన మనిషి ఉండాలి, పోగు తెగితే అతకాలి. భుజం మాత్రం ఆడించనక్కర్లేదు. యంత్రానికి లక్ష్మీ ఆసు యంత్రం అని తల్లి పేరు పెట్టాడు. 2017లో మల్లేశంకు పద్మశ్రీ వచ్చింది. 2019లో అతని కథ సినిమాగా వచ్చాక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆసు అన్న మాట మొదటిసారి విన్నవాళ్లు వేలల్లో ఉంటారు.

యంత్రం వచ్చిందంటే చేనేత చచ్చినట్టే కదా అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఈ యంత్రం నేయదు. రంగు కట్టదు, బొమ్మ గీయదు, పేకను పడుగు మీదికి సర్దదు. చేతికి తెలివి ఉన్న చోట్లన్నిటినీ చేతికే వదిలేసి, చేయి అరిగిపోయే చోటును మాత్రం తాను తీసుకుంది. పనిలో ఏది విద్య, ఏది చాకిరీ అని వేరుచేసి చూడటం తేలిక కాదు. బయట నుంచి వచ్చిన నిపుణుడికైతే మగ్గాన్నే మార్చేయాలని తోచేదేమో. లోపల పుట్టి పెరిగినవాడికి గీత ఎక్కడ గీయాలో తెలిసింది.

పద్మశ్రీల దగ్గరికి మళ్లీ వస్తాను. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినం జరుపుకుంటున్నాం. 1905లో అదే రోజు కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన గుర్తుగా 2015లో ఈ దినం వచ్చింది. తెలంగాణలో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట నేత కళాకారులకు పురస్కారాలు ఇస్తున్నారు. కేంద్రం మహిళా కళాకారులకు కమలాదేవి ఛటోపాధ్యాయ పేరిట విడిగా పురస్కారాలు పెట్టింది. మంచిదే. వీటివల్ల పిల్లలు మళ్లీ మగ్గం వైపు చూసిన ఇళ్లు ఉన్నాయి. కానీ పురస్కారం ఒక పేరు అడుగుతుంది. బట్ట ఒక్క పేరుతో తయారవదు. నూలు పిసికినవాళ్లు, ఆసు పోసినవాళ్లు, కట్టినవాళ్లు, రంగు అద్దినవాళ్లు, అచ్చు అతికినవాళ్లు, నేసినవాళ్లు, అందరూ వేలు పెడితేనే ఆ గడి ఎర్రగా నిండింది. గౌరవం అందుకున్న పెద్దల గొప్పతనం దీనివల్ల రవ్వంత కూడా తగ్గదు. అంతమంది చేతులను ఒక బొమ్మ వైపు నడిపించడం కూడా పెద్ద విద్యే.

నన్ను కలవరపెట్టేది మరో కాగితం. 2019–20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణనలో దేశమంతటా 35.22 లక్షల మంది చేనేత పనివాళ్లను లెక్కించారు. అందులో 26.73 లక్షల మందిని నేత పనివాళ్లుగా, 8.48 లక్షల మందిని అనుబంధ కార్మికులుగా రాశారు. మొత్తం మీద నూటికి 72 మంది స్త్రీలు. లెక్కలు సేకరించినవాళ్లకు ఏదో ఒక పేరు పెట్టక తప్పదు. అయినా అనుబంధం అన్న ఆ మాట దగ్గర నా చూపు చిక్కుకుపోతుంది. ఆసు లేకుండా పేక మీద పువ్వే లేదు. పువ్వుకు ఆసు అనుబంధం ఎలా అవుతుంది? కొలిచే కాగితంలో గడి లేకపోతే మనిషి అసలు లేనట్టే అవుతుంది. ఉన్న గడి పేరు తప్పుగా ఉంటే ఆ మనిషి తన గురించి తాను అనుకునేదీ తప్పుగా మారుతుంది. ఆసు పోసే ఆడవాళ్లను మీరేం పని చేస్తారని అడిగి చూడండి. "నేనేం జెయ్యను, మా ఆయన నేస్తడు" అన్నవాళ్లను నేను ముగ్గురిని చూశాను. అందులో ఒకరి ఒళ్లో అప్పటికి పోగు ఉంది.

బజారు తీర్పు ఇంకొక రకం. కొన్నేళ్ల కింద ఒక దుకాణంలో అచ్చమైన డబుల్ ఇక్కత్ అని చెబితే నమ్మి ఒక దుప్పట్టా కొన్నాను. లైట్ల కింద చాలా బాగుంది. గీతలు నిక్కచ్చిగా, ఎక్కడా వంకర లేకుండా ఉన్నాయి. ఆ నిక్కచ్చితనమే దాని తప్పని ఇంటికి వచ్చి తిరగేశాక తెలిసింది. వెనక రంగు సగమే ఉంది, నూగు లేదు. ఇక్కత్ బొమ్మను అచ్చు గుద్దారు. ఆ రోజు డబ్బు పోయినందుకు బాధపడలేదు. నా కన్ను దేన్ని నాణ్యత అనుకుంటోందో తెలిసినందుకు బాధపడ్డాను. తప్పు లేకపోవడాన్ని నేను ప్రతిభ అనుకున్నాను. చేతి పనిలో ప్రతి పేకకూ తప్పు వస్తూనే ఉంటుంది, ప్రతి పేకకూ దిద్దుతూనే ఉంటారు. ఆ దిద్దిన ఆనవాలే అంచున కనిపించే నూగు. అప్పటి నుంచి ఏ బట్టనైనా ముందు తిరగేయడం నేర్చుకున్నాను.

భౌగోళిక గుర్తింపు ఈ మోసానికి కొంత అడ్డుకట్ట. ఫలానా ఊళ్లో ఫలానా పద్ధతిలో నేసిందే ఈ పేరు పెట్టుకోవాలని చట్టం చెబుతుంది. ఊరికీ పద్ధతికీ అది కాపలా. ఊళ్లో ఎవరి చేయి ఎలాంటిదో అది చెప్పలేదు. అది చెప్పగలిగినవాళ్లు ఆ ఊళ్లోనే ఉంటారు.

పుట్టపాక వెళ్లిన ఒక మధ్యాహ్నం ఒక యువకుడి ఇంట్లో కూర్చున్నాను. మగ్గం మీంచి అప్పుడే కోసిన రుమాలు నా ఒళ్లో ఉంది. నేను ఎప్పటిలాగే తిరగేసి చూసి, రంగు బాగుందన్నాను, నేత బాగుందన్నాను. అతను సిగ్గుగా నవ్వాడు. ఇంతలో ఎదురింటి పెద్దమనిషి చేతికర్ర ఆనించుకుంటూ వచ్చాడు. యాభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి, ఇప్పుడు చూపు ఆనడం లేదని మానేశాడట. రుమాలు అడిగి తీసుకున్నాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకోలేదు, వెలుగుకు పట్టి చూడలేదు. బొటనవేలితో ఒక అంచు పట్టుకుని, మెల్లగా, మధ్యలో ఎక్కడా ఆగకుండా రెండో అంచు దాకా జరిపాడు. మళ్లీ ఇంకొక చోట అలాగే జరిపాడు. తర్వాత కుర్రాడి వైపు తిరిగాడు.

"ఆసు ఎవలు పోసిండ్రు?"

"మా అమ్మ, చిన్నాయినా."

ఆయన రుమాలును నాలుగు మడతలు పెట్టాడు. కుర్రాడికి ఇవ్వలేదు, నాకూ ఇవ్వలేదు. లోపలి గడప దాకా నడిచి వెళ్లి, "వదినా" అని పిలిచాడు.